అక్షరం మారలేదు, అయినా ఫైళ్ళన్నీ మారాయంటోంది గిట్: ఏం చేయాలి?

పర్లాకిమిడిలో మేం కొద్దిమందిమి కలిసి తెలుగు, ఒడియా, సవర మాటల పట్టిక ఒకటి తయారు చేస్తున్నాం. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివే పిల్లలకు పనికొస్తుందని మా ఆశ. ఒక్కో అక్షరానికి ఒక్కో సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన పట్టిక). వాటన్నిటినీ కలిపి పుస్తకంగా కూర్చే స్క్రిప్టులు నాలుగైదు. మొత్తం గిట్‌లో, అంటే ఫైళ్ళలో వచ్చే మార్పులను నమోదు చేసే ప్రోగ్రాములో ఉంటుంది. బరంపురంలో ఉన్నాయన విండోస్ వాడతారు, పాతపట్నంలో ఒకరి దగ్గర మ్యాక్ ఉంది, మిగిలిన మా అందరివీ ఉబుంటు అనే లినక్స్ వాడే కంప్యూటర్లు. నెట్ సరిగా రాని రోజుల్లో ఫోల్డరు పెన్ డ్రైవులో ఎక్కి ఊరు దాటుతుంది.

ఒక సాయంత్రం మా జట్టులోని డిగ్రీ విద్యార్థిని ఫోను చేసింది. "మాష్టారూ, నేను ఒక్క ఫైలు కూడా తెరవలేదు. నూట పన్నెండు ఫైళ్ళు మారాయని చూపిస్తోంది. ఏం పాడుచేశానో తెలియడం లేదు" అంది. ఏడుపు గొంతు. ఆ అమ్మాయి ఏమీ పాడుచేయలేదు. చేసిందల్లా ఇంటి కంప్యూటర్లోని ఫోల్డరును పెన్ డ్రైవులోకి కాపీ చేసి, దాన్ని కాలేజీలో ఉబుంటు కంప్యూటర్‌కు పెట్టి తెరవడమే. ఇది ఎందుకు జరుగుతుందో, దీన్ని ఒక్కసారి సరిచేసి మళ్ళీ రాకుండా ఎలా చూసుకోవాలో చెబుతాను. ఆదేశాలను ఇక్కడ పలికినట్టుగా తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లో మీరు ఇంగ్లిషు అక్షరాలతో టైపు చేయాలి.

ముందు కారణం తెలుసుకోండి

లినక్స్‌లో, మ్యాక్‌లో ప్రతి ఫైలుకూ చదవడం, రాయడం, నడపడం అని మూడు అనుమతులు ఉంటాయి. యజమానికి, గుంపుకు, మిగతావారికి వేరువేరుగా లెక్కపెడితే మొత్తం తొమ్మిది. విండోస్ పద్ధతి వేరు. అక్కడ ఫైలు నడుస్తుందా లేదా అన్నది పేరు చివరనున్న ఈఎక్స్ఈ, బ్యాట్ వంటి తోకను బట్టి తేలుతుంది. లినక్స్‌లోని ఎగ్జిక్యూట్ బిట్‌కు (నడిపే అనుమతికి) అక్కడ చోటే లేదు.

ఈ తొమ్మిదింటిలో గిట్ గుర్తుంచుకునేది ఒక్కటే: ఈ ఫైలు నడిపేదా, కాదా. మామూలు ఫైలుకు 100644 అని, నడిపే ఫైలుకు 100755 అని రాసుకుంటుంది. యజమాని పేరు, గుంపు పేరు, మిగతా అనుమతులు ఏవీ దాని పుస్తకంలోకి ఎక్కవు. ఈ సంగతి తెలిస్తే సగం చిక్కు విడిపోయినట్టే.

మిగిలిన సగం మా ప్రాంతంవాళ్ళకు తేలిగ్గా అర్థమవుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం అందులో చేరింది. పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. రెండు వైపులా భూములున్న కుటుంబాలు ఇప్పటికీ ఇక్కడ ఖతియాను, అక్కడ అడంగల్ అనే భూమి రికార్డులు చూసుకుంటాయి. ఒకదానిలో ఉన్న గడి ఇంకొకదానిలో ఉండదు. లేని గడిని ఎవరైనా ఊహించి నింపితే తగాదా అక్కడే మొదలవుతుంది.

పెన్ డ్రైవులో జరిగింది సరిగ్గా అదే. ఆ డ్రైవు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంది. ఎక్స్‌ఫ్యాట్‌లో ఎగ్జిక్యూట్ అనుమతి రాసుకునే గడి లేదు. లినక్స్ దాన్ని తెరిచినప్పుడు ప్రతి ఫైలుకూ ఏదో ఒక జవాబు చెప్పాలి కాబట్టి "అన్నీ నడిపే ఫైళ్ళే" అని చెప్పింది. గిట్ తన పుస్తకం తీసి చూసింది. అక్కడ 100644 అని ఉంది. అందుకే నూట పన్నెండు ఫైళ్ళూ మారాయంది.

మొదటి పని: మారింది అక్షరమా, అనుమతా?

కంగారులో ఏ ఆదేశమూ ఇవ్వకండి. ముఖ్యంగా "అన్నీ కలిపి కమిట్ చేసేద్దాం" అనుకోకండి. కమిట్ అంటే మార్పులను గిట్ పుస్తకంలో నమోదు చేయడం. ఏం మారిందో చూపించే ఈ ఆదేశం ముందు ఇవ్వండి:

గిట్ డిఫ్

అనుమతి మాత్రమే మారి ఉంటే ఒక్కో ఫైలుకు ఇలా రెండు వరుసలు కనిపిస్తాయి:

ఓల్డ్ మోడ్ 100644
న్యూ మోడ్ 100755

వాటి కింద ప్లస్ గుర్తుతోనో మైనస్ గుర్తుతోనో మొదలయ్యే వరుసలు ఒక్కటీ లేకపోతే ఊపిరి పీల్చుకోండి. మీ మాటలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

వందల ఫైళ్ళ మధ్య నిజంగా మార్చినవి రెండో మూడో ఉండి, అవి కనబడకుండా పోయాయనుకోండి. అనుమతుల తేడాను ఈ ఒక్కసారికి పక్కనపెట్టి చూపించమని గిట్‌ను అడగవచ్చు:

గిట్ -సి కోర్.ఫైల్‌మోడ్=ఫాల్స్ స్టేటస్

ఇది ఏ అమరికనూ శాశ్వతంగా మార్చదు. ఆ ఒక్క ఆదేశానికే వర్తిస్తుంది. ఆ అమ్మాయి చేత ఫోనులోనే ఇది టైపు చేయించాను. నూట పన్నెండు కాస్తా సున్నా అయింది. "ఏమీ లేదు మాష్టారూ!" అన్న ఆ మాట విన్నాక నా మనసు కూడా కుదుటపడింది.

రెండో పని: ఏ కంప్యూటర్ మాట నమ్మాలో గిట్‌కు చెప్పండి

పైన చెప్పిన కోర్.ఫైల్‌మోడ్ అనే అమరికే దీనంతటికీ కీలకం. అది ట్రూ అయితే డిస్కు చెప్పే ఎగ్జిక్యూట్ అనుమతిని గిట్ నమ్ముతుంది. ఫాల్స్ అయితే డిస్కు మాట వినకుండా తన పుస్తకంలో ఉన్నదాన్నే పట్టుకుంటుంది.

కొత్తగా క్లోన్ చేసినప్పుడు (ప్రాజెక్టు కాపీని గిట్ ద్వారా తెచ్చుకున్నప్పుడు) గిట్ దీన్ని తానే పరీక్షించి తేల్చుకుంటుంది. ఒక ఫైలు అనుమతిని మార్చి చూస్తుంది. ఆ మార్పు డిస్కు మీద నిలిస్తే ట్రూ, నిలవకపోతే ఫాల్స్. విండోస్‌లో క్లోన్ చేస్తే ఫాల్స్ అని వస్తుంది. ఎక్స్‌ఫ్యాట్ పెన్ డ్రైవులోకి నేరుగా క్లోన్ చేసినా ఫాల్స్ అనే వస్తుంది. అంటే క్లోన్ చేసిన చోట చిక్కే లేదు. చిక్కంతా ఫోల్డరును కాపీ చేసి అతికించినప్పుడే. ఇంటి డిస్కు మీద ట్రూ అని రాసుకున్న కాన్ఫిగ్ ఫైలు (అమరికల ఫైలు), గిట్ తన పుస్తకాన్ని దాచుకునే డాట్ గిట్ ఫోల్డరుతోపాటు యథాతథంగా పెన్ డ్రైవులోకి వచ్చేస్తుంది. కొత్త చోటును ఎవరూ మళ్ళీ పరీక్షించరు.

అందుకని పెన్ డ్రైవులోని ఫోల్డరులోకి వెళ్ళి, అక్కడ మాత్రమే ఇది ఇవ్వండి:

గిట్ కాన్ఫిగ్ కోర్.ఫైల్‌మోడ్ ఫాల్స్

"ఎందుకొచ్చిన గొడవ, గ్లోబల్ అని చేర్చి అన్నిటికీ ఒకేసారి ఫాల్స్ పెట్టేస్తే పోదా?" అని చాలామంది అడుగుతారు. పోదు. క్లోన్ చేసినప్పుడే ప్రతి రెపోజిటరీ (గిట్ చూసుకునే ప్రాజెక్టు ఫోల్డరు) తన సొంత కాన్ఫిగ్‌లో ఈ వరుస రాసుకుంటుంది. సొంత కాన్ఫిగ్‌లో ఉన్నదే గ్లోబల్ కన్నా బలమైనది. గ్లోబల్‌గా పెట్టి, పనిచేయలేదని తలపట్టుకున్నవాళ్ళను నేను చూశాను.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. చక్కగా అనుమతులు రాసుకునే లినక్స్ డిస్కు మీద, మ్యాక్ డిస్కు మీద దీన్ని ఫాల్స్ చేయకండి. అక్కడ డిస్కు నిజమే చెబుతోంది. దాని నోరు నొక్కితే రేపు మీరు ఒక స్క్రిప్టుకు నిజంగానే ఎగ్జిక్యూట్ అనుమతి ఇచ్చినా గిట్ పట్టించుకోదు. ఆ స్క్రిప్టు మిగతావాళ్ళ దగ్గర నడవదు. ఎందుకు నడవడం లేదో ఎవరికీ అర్థం కాదు. సరైన జవాబు చెప్పలేని డిస్కు మీదనే ఫాల్స్.

విండోస్ లోపలే లినక్స్‌ను నడిపించే డబ్ల్యూఎస్ఎల్ వాడేవారికి ఇది తరచుగా ఎదురవుతుంది. సీ డ్రైవును లినక్స్ వైపు నుంచి చూస్తే ఫైళ్ళన్నీ 777 అనుమతులతో (అందరికీ అన్ని అనుమతులూ ఉన్నట్టు) కనిపిస్తాయి. ప్రాజెక్టును సీ డ్రైవులో కాకుండా డబ్ల్యూఎస్ఎల్ సొంత హోమ్ ఫోల్డరులో క్లోన్ చేసుకోవడం అన్నిటికన్నా తేలిక. బరంపురం ఆయన అలా మార్చుకున్నాక ఈ బాధ మళ్ళీ రాలేదు.

మూడో పని: విండోస్ నుంచి వచ్చే స్క్రిప్టులకు అనుమతి ఇవ్వండి

ఇప్పుడు దీనికి ఎదురు దిక్కు. విండోస్‌లో కొత్తగా రాసిన స్క్రిప్టును గిట్‌కు చేర్చితే అది 100644గానే నమోదవుతుంది. ఉబుంటులో పుల్ చేసి (కొత్త మార్పులు తెచ్చుకుని) నడపబోతే "పర్మిషన్ డినైడ్" అంటుంది. చాలామంది ఉబుంటువాళ్ళు తమ దగ్గర సీహెచ్‌మోడ్ అనే ఆదేశంతో అనుమతి మార్చుకుని ముందుకు పోతారు, దాన్ని కమిట్ చేయరు. అలా చేస్తే జట్టులోని ప్రతి ఒక్కరూ ఆ ఫైలును తమ దగ్గర విడివిడిగా సరిచేసుకోవలసి వస్తుంది.

విండోస్‌లో ఉన్నవారే దీన్ని సరిచేయవచ్చు. డిస్కు మీద గడి లేకపోయినా గిట్ పుస్తకంలో ఉంది కదా, నేరుగా అందులోనే రాయమని చెప్పాలి:

గిట్ యాడ్ --సీహెచ్‌మోడ్=+ఎక్స్ బిల్డ్.ఎస్‌హెచ్

ఇది 2016లో వచ్చిన గిట్ 2.9 నుంచి ఉంది. అప్పటికే గిట్‌లో ఉన్న ఫైలుకైతే ఇలా:

గిట్ అప్‌డేట్-ఇండెక్స్ --సీహెచ్‌మోడ్=+ఎక్స్ బిల్డ్.ఎస్‌హెచ్

తరువాత మామూలుగా కమిట్ చేసి పుష్ చేయండి (మిగతావాళ్ళకు అందేలా పంపండి). నమోదైందో లేదో చూసుకోవడానికి:

గిట్ ఎల్ఎస్-ఫైల్స్ -ఎస్ బిల్డ్.ఎస్‌హెచ్

వచ్చే వరుసలో మొదటి సంఖ్య చూడండి. దాని పక్కనున్న పొడుగాటి హాష్‌తో మీకు పనిలేదు. మొదట 100755 అని ఉంటే పని అయినట్టే. మా ఫోల్డరులో ఇప్పుడు ఫైలు పేరు లేకుండా ఈ ఆదేశం ఇస్తే స్క్రిప్టులకు మాత్రమే 755, "అ" నుంచి "హ" దాకా ఉన్న పట్టికలన్నిటికీ 644 కనిపిస్తుంది. ఉండవలసింది అలాగే.

లినక్స్‌లో, మ్యాక్‌లో ఉన్నవారు మాత్రం అప్‌డేట్-ఇండెక్స్ దారి పట్టకండి. అది పుస్తకంలో రాస్తుంది గానీ డిస్కు మీది ఫైలును ముట్టుకోదు. రెండింటికీ పొంతన కుదరక స్టేటస్‌లో మళ్ళీ తేడా చూపిస్తుంది. మీరు మామూలు సీహెచ్‌మోడ్ +ఎక్స్ చేసి, ఆ తరువాత గిట్ యాడ్ చేయండి.

ఇప్పటికే తప్పుగా కమిట్ అయిపోతే

మాకూ ఒకసారి అయింది. పట్టికలన్నీ 755గా మారి పుష్ కూడా అయిపోయాయి. ఎవరు చేశారని వెతకడం కన్నా ఎప్పుడు జరిగిందో వెతకడం మంచిది:

గిట్ లాగ్ --సమ్మరీ

ఇందులో "మోడ్ చేంజ్ 100644 => 100755" అనే వరుసలు గుంపుగా కనిపించే కమిట్ అదే. చరిత్రను తిరగరాయకండి. అందరి దగ్గరా ఇప్పటికే కాపీలు ఉన్నాయి కాబట్టి తిరగరాస్తే ఇంకా పెద్ద చిక్కు. లినక్స్ డిస్కు మీద ఉన్న ఒకరు పట్టికల ఫోల్డరులోకి వెళ్ళి ఇలా చేస్తే చాలు:

సీహెచ్‌మోడ్ -ఎక్స్ *.సీఎస్‌వీ

దీన్ని విడి కమిట్‌గా పంపండి. ఆ కమిట్‌లో ఒక్క మాట కూడా దిద్దకండి. అక్షరదోషాల సవరణలు, అనుమతుల సవరణలు కలిసిపోతే తరువాత చూసేవారికి ఏది ఏదో తెలియదు. కమిట్ సందేశం తెలుగులో "పట్టికల ఎగ్జిక్యూట్ అనుమతి తీసివేత, పాఠంలో మార్పు లేదు" అని రాశాం. ఆరు నెలల తరువాత చదివినా అర్థమైంది.

అనుమతి ఉన్నా స్క్రిప్టు నడవకపోతే

755 అని ఉంది, అయినా ఉబుంటులో "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అని వస్తోందా? ఆ సందేశంలో ప్రోగ్రాము పేరు చివర టోపీ గుర్తు, ఎం అక్షరం కనిపిస్తే అది అనుమతుల తప్పు కాదు. విండోస్‌లో వరుస చివర రెండు కనబడని గుర్తులు ఉంటాయి, లినక్స్‌లో ఒక్కటే. ఆ అదనపు గుర్తును లినక్స్ ప్రోగ్రాము పేరులో భాగమనుకుంటోంది. ఈ రెండు చిక్కులూ ఒకేసారి వస్తాయి కాబట్టి ఇక్కడే చెబుతున్నాను. ప్రాజెక్టు మొదటి ఫోల్డరులో డాట్ గిట్‌ఆట్రిబ్యూట్స్ అనే ఫైలు పెట్టి రెండు వరుసలు రాయండి:

*.ఎస్‌హెచ్ టెక్స్ట్ ఈఓఎల్=ఎల్ఎఫ్
*.బ్యాట్ టెక్స్ట్ ఈఓఎల్=సీఆర్ఎల్ఎఫ్

తరువాత గిట్ యాడ్ --రీనార్మలైజ్ అని, చివర ఒక ఖాళీ వదిలి చుక్క పెట్టి ఆదేశమిచ్చి కమిట్ చేయండి. ఈ ఫైలు రెపోజిటరీలోనే ఉంటుంది కాబట్టి అందరికీ ఒకే నియమం చేరుతుంది. ఒక్కొక్కరి కంప్యూటర్లో వరుస చివరి గుర్తులను మార్చే ఆటోసీఆర్ఎల్ఎఫ్ అమరిక ఏముందో అడగనక్కరలేదు. కోర్.ఫైల్‌మోడ్‌కు ఈ సౌకర్యం లేదు. అది ఎవరి కాపీలో వారు పెట్టుకోవలసిందే. అందుకే దాని గురించి అంతసేపు చెప్పాను.

సింబాలిక్ లింకులు (మరో ఫైలు ఉన్న దారిని చూపే ఫైళ్ళు) 120000 అనే మరో సంఖ్యతో నమోదవుతాయి. వాటిని మిశ్రమ జట్టులో వాడకపోవడమే మేలు. విండోస్‌లో డెవలపర్ మోడ్ గానీ అడ్మినిస్ట్రేటర్ హక్కులు గానీ లేకపోతే లింకు ఉండవలసిన చోట దారి రాసి ఉన్న చిన్న టెక్స్ట్ ఫైలు వస్తుంది.

యజమాని ఎవరని గిట్ అడిగితే

"డ్యూబియస్ ఓనర్‌షిప్" (యజమాని ఎవరో సందేహమే) అనే సందేశం వెనకున్న తనిఖీ 2022 ఏప్రిల్‌లో వచ్చిన గిట్ 2.35.2 నుంచి ఉంది. ఫోల్డరు వేరొకరి పేరున ఉంటే, అందులోని కాన్ఫిగ్ ద్వారా మీ కంప్యూటర్లో ఎవరో ఏదో నడిపించే ప్రమాదం ఉందని గిట్ ఆగిపోతుంది. మంచి జాగ్రత్తే. ఎక్స్‌ఫ్యాట్ పెన్ డ్రైవును విండోస్‌కు పెట్టినప్పుడు, ఆ డిస్కు యజమాని వివరం నమోదు చేయదని కూడా చెబుతుంది. ఆ ఫోల్డరు మీదేనని, లేదా మీరు నమ్మే వ్యక్తిదేనని తెలిస్తే ఆ ఒక్క దారినే అనుమతించండి:

గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ --యాడ్ సేఫ్.డైరెక్టరీ, ఆపైన ఫోల్డరు పూర్తి దారి (ఆదేశంలో కామా ఉండదు, ఖాళీ మాత్రమే).

దారికి బదులు నక్షత్రం గుర్తు పెడితే అన్ని ఫోల్డర్లకూ కాపలా తీసేసినట్టే. పది చేతులు మారే పెన్ డ్రైవుల ఊళ్ళో అలా చేయవద్దని మనవి.

రహస్య ఫైళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. లినక్స్‌లో మీరు ఒక ఫైలుకు 600 పెట్టి, మీరు తప్ప మరెవరూ చదవకుండా చేసి ఉండవచ్చు. గిట్ ఆ 600ను గుర్తుంచుకోదు. ఇంకొకరు క్లోన్ చేస్తే అది మామూలు ఫైలుగానే దిగుతుంది. పాస్‌వర్డులున్న ఫైలును, ఎస్ఎస్‌హెచ్ తాళాన్ని (వేరే కంప్యూటర్లోకి ప్రవేశించడానికి వాడే రహస్య ఫైలును) గిట్‌లోకి అసలు రానివ్వకండి. పెన్ డ్రైవులో పెట్టుకున్న ఎస్ఎస్‌హెచ్ తాళాన్ని లినక్స్ "అనుమతులు మరీ బార్లా తెరిచి ఉన్నాయి" అని తిరస్కరించడానికి కారణం కూడా ఆ లేని గడే. తాళాన్ని హోమ్ ఫోల్డరులోకి తెచ్చి అక్కడ 600 పెట్టండి.

ఫైలు పేర్ల గురించి ఒక్క మాట. తెలుగులో ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయవచ్చు, రెండు గుర్తులుగా విడదీసీ రాయవచ్చు. ఒడియాలో ఐత్వానికి, ఓత్వానికి, ఔత్వానికి కూడా ఇదే. తెర మీద ఒకలాగే కనిపించే పేరు ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు వెళ్ళేసరికి వేరే పేరుగా మారిపోయే అవకాశం ఉంది. ఫైలు లోపల తెలుగు, ఒడియా ఎంతైనా రాసుకోండి. ఫైలు పేరు మాత్రం ఇంగ్లిషు చిన్న అక్షరాలలో పెట్టుకోండి.

మేం ఇప్పుడు పాటిస్తున్న పద్ధతి

పెన్ డ్రైవులోకి ఫోల్డరును కాపీ చేయడం మానేశాం. దాని బదులు ఒక బేర్ రెపోజిటరీ పెట్టుకున్నాం. అంటే పని ఫైళ్ళు ఏవీ లేకుండా గిట్ పుస్తకం మాత్రమే ఉండే ఫోల్డరు. ఇంటి కంప్యూటర్లో, ప్రాజెక్టు ఫోల్డరుకు ఒక మెట్టు పైనుంచి ఇది ఒక్కసారి ఇస్తే చాలు:

గిట్ క్లోన్ --బేర్ పట్టిక, ఆపైన పెన్ డ్రైవులోని దారి (ఇక్కడ కూడా కామా లేదు).

ఆ తరువాత ప్రతి కంప్యూటర్‌లోనూ ఆ దారిని రిమోట్‌గా (మార్పులు పంపి, తెచ్చుకునే చోటుగా) చేర్చుకుని, వెళ్ళేటప్పుడు పుష్, వచ్చాక పుల్. పెన్ డ్రైవులో పని ఫైళ్ళే లేవు కాబట్టి వాటి అనుమతుల గురించి ఎక్స్‌ఫ్యాట్ తప్పు జవాబు చెప్పే సందర్భమే రాదు. అనుమతులు గిట్ పుస్తకంలో భద్రంగా ఉండి, లినక్స్ డిస్కు మీదికి దిగినప్పుడు సరిగ్గా దిగుతాయి.

స్క్రిప్టులు నడిపే పద్ధతిని కూడా రీడ్‌మీ ఫైలులో ఒక్క వరుసగా రాశాం: "బ్యాష్ బిల్డ్.ఎస్‌హెచ్ అని ఇవ్వండి." ఇలా పిలిస్తే ఎగ్జిక్యూట్ అనుమతి లేకపోయినా స్క్రిప్టు నడుస్తుంది. పైథాన్ ఫైళ్ళకూ అంతే, ముందు పైథాన్3 అని చేర్చాలి. కొత్తగా చేరినవారు మొదటి రోజే "పర్మిషన్ డినైడ్" చూసి వెనక్కి తగ్గకుండా ఉండడానికి ఇది పెట్టాం.

గిట్ కాక సబ్‌వెర్షన్ వాడే కార్యాలయంలో మీరు ఉంటే, అక్కడ ఇదే పనికి ఎస్‌వీఎన్:ఎగ్జిక్యూటబుల్ అనే గుణం ఉంది. దాన్ని విండోస్ నుంచి కూడా ఫైలుకు తగిలించవచ్చు.

ఆ విద్యార్థిని ఇప్పుడు "క" నుంచి "ఙ" దాకా పట్టికలు చూసుకుంటోంది. మొన్న పాతపట్నం నుంచి కొత్తగా చేరిన కుర్రాడు పాత అలవాటు ప్రకారం ఫోల్డరును కాపీ చేసుకుని, ఫైళ్ళన్నీ మారాయని కంగారుగా ఫోను చేస్తే నాకు ఇవ్వకుండా తానే మాట్లాడింది. "కమిట్ చేయకు తమ్ముడూ, ముందు గిట్ డిఫ్ ఇచ్చి ఏం కనిపిస్తోందో చదువు" అంది.